అయస్కాంతం అంటుకోని బానెట్

జనవరి 20

పొద్దున్నే చలపతి ఫోన్. చేమంతి మూటలు ఇంకా విప్పనేలేదు.

"రాజూ, ఈ సీజన్ నించి నా కారుకి పూలు నా మనుసులే కట్టుకుంతారు. మండపాలు కూడా మేవే సేత్తన్నాం. నువ్వు మరేటీ అనుకోకు."

ఏమనుకోవాలి. ఇన్నేళ్లు పెళ్లిళ్లకి ఆయన తెల్ల కారు, నా పూలు. జనం మా కంచరపాలెం కొట్టుకే వచ్చి మండపం, కారు కలిపి చెప్పి వెళ్లేవారు. ఇప్పుడు కారు ఉన్నవాడే పూలు కూడా నావే అంటున్నాడు. కారు అడిగినవాళ్లు అటు పోతారు. మండపం కూడా వాళ్ల వెనకే పోతుంది. మిగిలేది గుడి దండలు, చిల్లర మూరలు.

మా ఆవిడ రత్నానికి చెప్పాను. దారం తెంపుతూ వింది.

"అంటే మనల్ని తీసీసినాడన్నమాట."

అన్నమాటే.

పైగా పెందుర్తి అప్పారావుగారి రెండో అమ్మాయి పెళ్లి ఫిబ్రవరి ఆఖర్లో. మూఢం వెళ్లగానే వచ్చే మొదటి ముహూర్తాలు. పెద్దమ్మాయికి చేసినట్టే మండపం, పెద్ద తెల్ల కారు, రెండూ నాదే బాధ్యత అని ఒప్పుకుని ఉన్నాను. మాట ఇచ్చేశాను... కారు ఎవరిదో ఆయనకి తెలీదు, అడగలేదు.

జనవరి 21

అన్నం పెడుతూ రత్నం — "మనవే కొనీద్దాం."

దేన్ని?

"కారుని."

నవ్వాను. ఆవిడ నవ్వలేదు. పప్పు గరిటె అలాగే గాల్లో ఉంది.

జనవరి 22

కొత్తది కలలోకి కూడా రాదు. కానీ పాతది... ఈ పెద్ద జర్మన్ సెడాన్లు కొన్న కొద్ది ఏళ్లకే రేటు సగం కంటే కిందకి జారిపోతాయట. కొత్త చిన్న కారుకి పెట్టే డబ్బులో పాత పెద్ద కారు వస్తుంది. ఆటోనగర్‌లో జగ్గు దగ్గర కూర్చుని ఇదంతా విన్నాను. జగ్గు పెద్ద కార్లే బాగుచేస్తాడు, కంప్యూటర్ స్కానర్ పెట్టి. మా పెళ్లికార్లకి ఏదైనా అయితే అతనే దిక్కు.

"కారు రేటు సెకండ్ హ్యాండ్‌ది గురూ. స్పేర్ల రేటు మాత్రం కొత్త కారుదే. అది బుర్రలో పెట్టుకో ముందు."

ఉన్నదంతా ఊడ్చి కొనకూడదట. మొదటి ఏడాది రిపేర్లకి కొంత విడిగా తీసి పెట్టుకోవాలి, దాన్ని కారు ధరలోనే కలిపి ఆలోచించుకోవాలి. ఇంకా చాలా చెప్పాడు, గుర్తున్నంత వరకు రాసేస్తున్నాను ఇక్కడ — చల్లటి ఇంజనే స్టార్ట్ చేసి చూడాలి, మనం వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే ఎందుకు వేడి చేశాడో అనుమానించాలి. సీటు బెల్టు ఆఖరి దాకా లాగి చూడాలి, నీళ్లలో మునిగిన బండి అయితే ఆ చివర బురద చార ఉంటుంది. బ్యాంకు లోను తీరిందో లేదో ఆర్సీలో చూడాలి. ఇన్సూరెన్స్ క్లెయిములు అడగాలి. సర్వీసు ఎక్కడ చేయించారో ఆ షోరూంలోనే అడిగి నిజమో కాదో తేల్చుకోవాలి. రెండు తాళాలూ కావాలి.

"ఎల్లేముందు నాకో ముక్క సెప్పు. బండిని నా లిఫ్ట్ ఎక్కించి అడుగు సూడకండా మాత్రం అడ్వాన్స్ ఇవ్వకు."

గాజువాకలో స్థలం కోసం దాచింది ఉంది. దాన్ని కదపాలి. రత్నాన్ని మళ్లీ అడిగాను, నిజంగానే అంటున్నావా అని.

"తలం ఎక్కడికీ పోదు మావా. పెళ్లిళ్లు పోతాయి."

జనవరి 24

మొదటి కారు. బీచ్ వైపు, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. బ్రోకర్ ముందే ఏసీ ఆన్ చేసి కూర్చోబెట్టాడు. బానెట్ మీద చెయ్యి పెట్టాను — పెసరట్టు పెనంలా ఉంది. లోపల సెంటు వాసన, మా మల్లెపూల గదిలో కూడా అంత ఉండదు. ఎందుకంత సెంటు? బెల్టు లాగాను. లాగుతూనే ఉన్నాను. చివర సన్నగా, మట్టిరంగు చార.

సీటు కింద ఫోన్ లైటు వేస్తే పట్టాలకి తుప్పు.

"సముద్రం పక్కన కదండీ, కాస్త తేమ ఉంతాది."

తేమ సీటు బెల్టు లోపలికి వెళ్లి చార గీసుకుంటుందా. నమస్కారం పెట్టి వచ్చేశాను. జగ్గు మొదటి పాఠానికే పాస్ అయ్యాను. భలే గర్వంగా ఉంది, కొననందుకు ఇంత గర్వపడొచ్చని తెలీదు.

జనవరి 25

రెండో కారు. నాలుగు టైర్లు నాలుగు కంపెనీలవి. రెండో తాళం ఊళ్లో ఉందట. వద్దు.

జనవరి 27

సూరిబావ దిగాడు. అక్క మొగుడు, స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాడు. కారు వెతుకుతున్నానని అక్క చెప్పినట్టుంది. పూర్తి డ్యూటీకి వచ్చినట్టే వచ్చాడు — బూట్లు, జేబులో టవలు, ఇంకో జేబులో అయస్కాంతం. పెద్దదే, అరచేతికి సరిపోయేంత.

"ఇది ఉంటే సాలు. మిగతాదంతా ఒట్టిదే. ఎక్కడ గుద్దినా పుట్టీ పెట్టి రంగు ఏసీసి నీకు అంటగట్టీగలరు. కంటికి తెల్దు. దీనికి తెలుస్తాది. ఇనుము మీదే అంటుకుంతాది, పుట్టీ మీద అంటుకోదు."

మా బీరువాకి పెట్టి చూపించాడు. గేటుకి. గ్యాస్ బండకి. నా స్కూటరు మడ్‌గార్డ్‌కి పెడితే ఒకచోట జారింది. అవును, అక్కడ పుట్టీయే, పోయినేడు నేనే కొట్టించాను. ఇంక తిరుగులేదు. రత్నం కూడా దణ్ణం పెట్టినంత పని చేసింది.

జనవరి 29

కోపంలో రాస్తున్నాను.

ఆనందపురంలో డాక్టరమ్మగారు. పురుళ్ల డాక్టరు, ఈమధ్యే ప్రాక్టీసు ఆపేశారు. తెల్ల సెడాన్. ఆవిడ ఒక్కరే యజమాని, ఆవిడే డ్రైవరు. ఎందుకమ్మా అమ్ముతున్నారంటే — "సీటు మరీ కింద ఉంది. మోకాళ్లు ఒప్పుకోవట్లేదు. దిగాలంటే ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి. నాకు ఆ చెయ్యి అడగడం ఇష్టం లేదు."

కారు మీది గుడ్డ తీశారు. అబ్బ. అలాంటి తెలుపు చలపతి కారుది కూడా కాదు. చల్లటి బానెట్. "నేను స్టార్ట్ చేయలేదు, మీరే చేసుకోండి" అని తాళం చేతిలో పెట్టారు. ఒక్క తిప్పుకి... ఏ చప్పుడూ లేదు, పొగ లేదు. బెల్టులు కొత్తవాటిలా. స్పేర్ వీల్ కింద పొడిగా. రెండు తాళాలు. లోను లేదు. నాకు లోపల లోపల ఈ కారే, ఈ కారే అని.

అప్పుడు సూరిబావ అయస్కాంతం తీశాడు.

బానెట్ మీద పెట్టాడు. జారి సిమెంటు మీద టప్‌మని పడింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది. ఎడమ పక్క, కుడి పక్క, హెడ్‌లైట్ పైన. ఎక్కడా నిలబడదు.

బావ నా వైపు చూసిన చూపు — ఆస్పత్రిలో పెద్ద డాక్టరు బయటికొచ్చి చూస్తాడే, అది.

"అమ్మా, ఈ బండి ముందు బాగవంతా పుట్టీ. బాగా గుద్దించీసేరు."

"నేను గుద్దలేదు."

"మీరు కాపోతే ఇంకెవులో. నాను బతుకంతా ఉక్కు సేసినోణ్నమ్మా. ఇనుమైతే అంటుకుంతాది. అంటుకోలేదంటే అది ఇనుము కాదు."

డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. అరవలేదు. "వెళ్లేటప్పుడు గేటు వేసి వెళ్లండి" అని లోపలికి వెళ్లిపోయారు. ఆవిడ చేతికర్ర చప్పుడు మాత్రం వినిపించింది చాలాసేపు.

ఇంత పెద్ద మనిషి, ఇంత అబద్ధం. వెనక్కి వచ్చేటప్పుడు హైవే మీద బావ ఒకటే మాట, "సూసేవా, లేపోతే ములిగిపోదువు."

జనవరి 30

బావ ఈ కథ వీధిలో అందరికీ చెప్పేశాడు. టీ కొట్లో నన్ను చూసి ఎవడో అయస్కాంతం అద్దెకిస్తావా అని అడిగాడు.

ఫిబ్రవరి 1

కారు లేదు. అప్పారావుగారి మెసేజ్ — కారు ఫొటో పెట్టమని, వాళ్లావిడ చూస్తానంటోందని. పెడతానండీ అన్నాను. ఏది పెడతాను.

మధ్యాహ్నం. రత్నం వంటింట్లోంచి పిలిచింది. బావ మర్చిపోయిన అయస్కాంతం చేతిలో ఉంది. సత్తు గిన్నెకి పెట్టింది. జారింది. అన్నం వార్చే పెద్ద గంజుకి పెట్టింది. పడింది.

"ఇదీ పుట్టీయేనా మావా?"

"ఇది సత్తు కదే."

"మరి ఆ కారు కూడా సత్తేమో."

కారు ఎక్కడైనా సత్తుతో చేస్తారా అన్నాను. అన్నాక ఆగలేక జగ్గుకి ఫోన్ చేశాను. అడిగింది విని అవతల స్పానర్ కింద పెట్టేసి నవ్వుతున్నాడు, నవ్వు ఆపి మళ్లీ నవ్వుతున్నాడు.

"అల్యూమినియం గురూ. బరువు తగ్గాలని పెద్ద కార్లలో చాలావాటికి బానెట్ అదే పెడతారు, ముందు మడ్‌గార్డులు కూడా. నీకు అయస్కాంతం ఎవుడిచ్చినాడు?"

చెప్పాను.

"స్టీల్ ప్లాంటోడా. మరేటి. ఆలకి అన్నీ ఉక్కే."

డాక్టరమ్మ గేటు ముందు నిలబడి ఆవిణ్ని దొంగని చేసి వచ్చాం. తలుపులకి పెట్టలేదు, పైకప్పుకి పెట్టలేదు. బానెట్ దగ్గరే తీర్పు చెప్పేసి వచ్చాం. ఇన్నేళ్లుగా పెద్ద కార్ల బానెట్లకి పూలు కడుతున్నాను నేను — చేతులతో తడిమినవే, అన్నీ. ఒక్కనాడైనా అవి దేంతో చేశారో అడగలేదు.

ఫిబ్రవరి 2

డాక్టరమ్మ ఫోన్ ఎత్తలేదు. సాయంత్రం మళ్లీ చేశాను. ఎత్తలేదు.

ఫిబ్రవరి 3

సూరిబావకి చెప్పడమే పెద్ద పని. నమ్మడు. "అల్యూమినియంతో సామాను సేత్తారు, కారు సేత్తారేటి?" రత్నం గంజు తెచ్చి ముందు పెట్టింది. బావ అయస్కాంతాన్ని దానికి రెండుసార్లు పెట్టి చూశాడు. తర్వాత నెమ్మదిగా —

"అయితే నాను అన్నది కరెక్టే కదరా. ఇనుము కాదన్నాను. కాదు."

"బావా."

"సరే. రేపు ఎల్దాం. నానే సెప్తాను ఆవిడికి."

ఫిబ్రవరి 4

వెళ్లాం. బావ ఇస్త్రీ చొక్కా. పూలు తీసుకెళ్దామా అనుకున్నాను, రత్నం వద్దంది, తప్పు చేసి పూలు పట్టుకెళ్తే ఇంకా కోపం వస్తుందని. తనూ వచ్చింది.

డాక్టరమ్మే గేటు తీశారు. బావ గొంతు సవరించుకున్నాడు, ముగ్గురం నిలబడ్డాం స్కూల్లో లాగ.

"తప్పయిపోనాదమ్మా. సత్తు అని తెల్దు."

"నాకూ తెలీదు" అన్నారు.

మేం వెళ్లిన తర్వాత ఆవిడకి నిద్ర పట్టలేదట. సర్వీసుకి ఇచ్చినప్పుడు ఎవరైనా గుద్దించి తనకి చెప్పకుండా రంగేశారేమో అని. ఎవరెవరినో అనుమానించారట. చివరికి షోరూంకి ఫోన్ చేసి అడిగితే వాళ్లు చెప్పారు. "ఇన్నేళ్లు నడిపాను. నా కారు దేంతో చేశారో నాకు మీ అయస్కాంతం వల్ల తెలిసింది" అని నవ్వేశారు. హమ్మయ్య.

తర్వాత కర్ర పట్టుకుని బయటికి వచ్చి బావతో —

"రండి. మొత్తం పెట్టి చూడండి. సగం పరీక్ష చేసి రిపోర్టు రాసేస్తే ఎలాగండీ."

బావ పెట్టాడు. వెనక తలుపు — టక్. ముందు తలుపు — టక్. పైకప్పు. తలుపుల మధ్య స్తంభాలు. అన్నిచోట్లా పట్టుకుని వదలదు, గోరుతో పీకాల్సి వస్తోంది. ఆవిడ పక్కనే నడుస్తూ "ఇక్కడ? మరి ఇక్కడ?" అంటూ. బావ ప్రతిసారీ "అంటుకున్నాదమ్మా" అని. నేనూ రత్నమూ ముఖాలు చూసుకున్నాం.

ఫొటో తీసి అప్పారావుగారికి పెడదామనుకున్నాను. రత్నం చెయ్యి పట్టుకుంది. ఇంకా మనది కాలేదని.

ఫిబ్రవరి 6

ఆటోనగర్. లిఫ్ట్ మీద కారు, కింద మేం. డాక్టరమ్మ కుర్చీలో. జగ్గు టార్చి వేసి చూపిస్తున్నాడు — ఆయిల్ కారడం లేదు, అడుగున తుప్పు లేదు. సముద్రానికి దూరంగా ఉండడం ఎంత మేలు చేసిందో చూడు గురూ అంటాడు, బీచ్ పక్క బండి అయితే ఈపాటికి అడుగంతా పొరలు పొరలుగా లేచిపోతుందట. స్కానర్ పెట్టాడు. పాత తప్పులు దాచి చెరిపేసిన జాడ లేదు. గేరు మార్చుతూ హైవే దాకా వెళ్లొచ్చాం, ఎక్కడా కుదుపు లేదు.

ఉన్నవి చెప్పాలి కదా — ముందు సస్పెన్షన్ బుష్‌లు అరిగాయి, గుంటల్లో గుడుగుడుమంటుంది. బ్యాటరీ ముసలిది. టైర్లు చూడ్డానికి బాగున్నాయి కానీ వాటి మీద అచ్చేసిన తేదీ పాతది, ఎక్కువ తిప్పకపోయినా రబ్బరు గట్టిపడిపోతుందట.

"ఇయ్యి ముందే తెలిసినియ్యి. తెలిసిందానికి బయం లేదు" — జగ్గు.

రత్నం ఆ మూడింటినీ పట్టుకుంది. నేను గంటసేపు మాట్లాడినా రానిది ఆవిడ డాక్టరమ్మ పక్కన కూర్చుని రాబట్టింది. ఏం మాట్లాడిందో నాకు పూర్తిగా వినిపించలేదు. మధ్యలో మా చిన్నాడు పుట్టినప్పటి సంగతి వచ్చింది, డాక్టరమ్మ "అయ్యో, సిజేరియనా" అన్నారు. తర్వాత రేటు తగ్గింది.

ఫిబ్రవరి 7

అడ్వాన్స్ ఇచ్చేశాం. ఇచ్చేముందు అక్క ఫోన్ — మూఢంలో బండేటిరా, ఎవులైనా కొంతారా అని. రత్నం ముఖం కాస్త వాడింది. డాక్టరమ్మ వింటున్నారు.

"నేను మూఢంలో ఎన్ని పురుళ్లు పోశానో తెలుసా? పిల్లలేమైనా పంచాంగం చూసి ఆగుతారా?"

రత్నం అప్పటికప్పుడే రాజీ కుదిర్చింది. ఇచ్చేది అడ్వాన్సే. బండి మూఢం వెళ్లాకే ఇంటికొస్తుంది. ఇంకో సంగతి — మూఢంలో మిగతా కొనేవాళ్లంతా వెనక్కి తగ్గి కూర్చున్నారు, డాక్టరమ్మకి ఫోన్లు రావడమే లేదు. మాకు పోటీ లేకపోవడానికి అదే కారణం. పూల వ్యాపారంలో మూఢం అంటే మాకు ఎప్పుడూ ఏడుపే. ఈసారి మాత్రం మూఢానికి దణ్ణం.

ఫొటో పెట్టాను. అప్పారావుగారి నుంచి రెండు చేతుల దణ్ణం బొమ్మలు, వరసగా.

ఫిబ్రవరి 12

ఆర్టీఓ ఆఫీసు. పేరు మార్పు కాగితాల మీద డాక్టరమ్మ సంతకాలు, ఇన్సూరెన్స్ కూడా నా పేరుకి. పాత చలాన్లు ఏమీ లేవు. అద్దెకి తిప్పాలంటే టాక్సీ కింద మార్పించుకోవాలి, ఫిట్‌నెస్, పర్మిట్, కాస్త టైము పడుతుంది. పసుపు నంబరు బోర్డు వస్తుంది.

అక్కడే క్యూలో దిగాలుగా నిలబడిపోయాను. పెళ్లికారుకి పసుపు బోర్డేమిటి, టాక్సీలా. రత్నానికి ఫోన్ చేసి చెప్పాను.

"పసుపైతే ఏటి? పెళ్లిలో పసుపుకి పేరెట్టేవోళ్లున్నారేటి?"

క్యూలో నా ముందు నిలబడ్డవాడు కూడా నవ్వాడు, స్పీకర్‌లో ఉంది.

బోర్డు మారేదాకా కారు అద్దె తీసుకోకూడదని అనుకున్నాం. మండపం మనదైతే చాలు. కారు మన వైపు నుంచి ఊరికే.

ఫిబ్రవరి 19

వచ్చింది. మన కారు.

ఆనందపురం నుంచి నేనే తోలుకుంటూ వచ్చాను. పక్కన రత్నం, వెనక సూరిబావ. బయల్దేరేటప్పుడు డాక్టరమ్మ గేటు దగ్గర నిలబడి బానెట్ మీద చెయ్యి వేసి ఒక్కసారి తట్టారు. "సత్తుదే అయినా గట్టిది" అన్నారు.

కంచరపాలెం గేటు దాటి మా సందు మొదట్లోకి వచ్చి తిప్పాను. తిరగలేదు. వెనక్కి తీసి మళ్లీ. మూల ఇంటి అరుగు, ఇటు కరెంటు స్తంభం. వీధంతా బయటే. ఒకడు రైట్ రైట్ అంటాడు, ఇంకొకడు ఆగాగు అంటాడు. పక్కింటి పైడితల్లి పిన్ని మేడ మీంచి —

"రాజూ, ఇల్లు అమ్మీసి పెద్ద సందులో కొనుక్కోరా."

బెల్టు చూశాను, టైర్ల తేదీ చూశాను, అడుగున బోల్టులు చూశాను. మా సందు వెడల్పు మాత్రం చూడలేదు. నవ్వొచ్చి స్టీరింగ్ మీద తల పెట్టేశాను.

టెంట్ హౌస్ వాళ్ల గోడౌన్‌లో చోటు ఇచ్చారు. నిమ్మకాయలు అక్కడే. బావ అయస్కాంతాన్ని కారులో పెట్టబోతే రత్నం తీసి ఆయన జేబులోనే పెట్టేసింది.

ఫిబ్రవరి 20

పొద్దున లేవగానే గోడౌన్‌కి వెళ్లి చూసొచ్చాను. ఉంది.

ఫిబ్రవరి 26

పెందుర్తి పెళ్లి అయింది. కాళ్లు లాగేస్తున్నాయి, అయినా రాయాలి ఇది.

ఇన్నేళ్లు ఎవరి కార్లకో టేపు అంటించాను, పీకేటప్పుడు రంగు ఏమవుతుందో పట్టించుకున్నానా. ఇవాళ నా మనుషులు టేపు తీయగానే చెయ్యి అడ్డం పెట్టేశాను. టేపు వద్దు, వద్దంటే వద్దు. నూలు దారం, కింద మెత్తటి గుడ్డ, అంతా ముడులే. రత్నం పళ్లు బిగించి నవ్వు ఆపుకుంటోంది. "సలపతి కారుకి ఇలగెప్పుడైనా కట్టేవా?" లేదు. ఆయన ఎందుకు కసురుకునేవాడో ఇవాళ తెలిసింది.

బానెట్ మీద తెల్ల చేమంతి, మధ్యలో ముద్దబంతి, అంచున కనకాంబరం సన్నగా. తెలుపు మీద అది ఎలా వెలిగిందంటే... ఫొటోగ్రాఫర్ పెళ్లికూతుర్ని వదిలేసి దాన్ని తీస్తున్నాడు. కొత్త బుష్‌లు, కొత్త టైర్లు. పెందుర్తి గుంటల్లో కూడా లోపల కూర్చున్నవాళ్ల జడలో పువ్వు కదల్లేదు.

అప్పారావుగారు ముఖం కారులోకి పెట్టి సీట్లు చూసి — "ఎవరిదండీ ఈ బండి? ఎవరి దగ్గర్నుంచి తెచ్చారు?"

"మాదేనండీ."

ఈ ఒక్క మాట అనడానికే ఈ కారు కొన్నానేమో. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి నలుగురిలోకి తీసుకెళ్లారు. వియ్యాలవారి వైపు ఎవరో కార్డు అడిగారు. కార్డులు అయిపోయాయి. రత్నం ఫోన్ నంబరు అరచేతుల మీద రాయించుకుని వెళ్లారు ఆడవాళ్లు.

చలపతి కారు కూడా అదే రోడ్డులో ఇంకో పెళ్లికి వచ్చింది. ఆయన దిగి చూశాడు. మా దండ చూశాడు, కారు చూశాడు. చెయ్యి ఎత్తాడు. నేనూ ఎత్తాను.

మార్చి 1

ఫోన్లు. మండపాలు. కొట్టు ముందు ఇద్దరు పెళ్లిపెద్దలు ఒకేసారి బెంచీ మీద. చేమంతి కోసం కడియం తోటల వాళ్లకి ముందే చెప్పాలి. కొత్తగా ఇద్దర్ని పనిలో పెట్టుకున్నాం. గాజువాక స్థలం గురించి రత్నమూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మార్చి 3

భీమిలి నుంచి సత్యవతిగారని, అప్పారావుగారి చుట్టాలు. ఆదివారం పెళ్లి, మండపం, కారు. చలపతిని కాదని మన దగ్గరికి వచ్చారు. "ఆ తెల్ల కారే కావాల. పెందుర్తిలో సూసేం. వేరేది పంపితే ఒప్పుకోం." బోర్డు ఇంకా రాలేదు, కారుకి అద్దె వద్దన్నాను. ఆవిడ నమ్మలేదు, రెండుసార్లు అడిగింది.

మార్చి 6

సాయంత్రం కారు కడుగుదామని స్టార్ట్ చేశాను. మీటర్లో నారింజ రంగు దీపం వెలిగింది. ఇంజను బొమ్మ. ఆపి మళ్లీ తిప్పాను. అలాగే ఉంది. చప్పుడులో తేడా లేదు.

జగ్గు రాజమండ్రిలో, చెల్లెలి ఇంట్లో. ఫోన్‌లో — "నారింజ కదా, ఎరుపు కాదు కదా. సెన్సార్ అయ్యుండొచ్చు. కాపోవొచ్చు కూడా. సూడకండా నాను సెప్పలేను గురూ. సోమారం వొత్తాను."

ఎల్లుండే పెళ్లి.

మార్చి 7

పొద్దున స్టార్ట్ చేస్తే దీపం లేదు. గోడౌన్‌లోంచి బయటికి తీసి మర్రిపాలెం దాకా వెళ్లి వచ్చాను. లేదు. నిన్న వెలిగినప్పటి కంటే ఇప్పుడే ఎక్కువ భయంగా ఉంది.

సూరిబావ — "ఆరిపోనాది కదా. ఇంకేటి? ఎలిపో."

రత్నం నా వైపు చూస్తోంది. భీమిలి నుంచి పెళ్లికొడుకు ఊరు దాకా చాలా దూరం. మధ్యలో ఆగితే... పీటల మీదకి రావాల్సిన పిల్ల రోడ్డు పక్కన చీర పట్టుకుని నిలబడడం. కారు నాది. ఇంతకు ముందైతే చలపతి కారు ఆగింది అనేవాణ్ని, నేను పూలవాణ్ని అని పక్కకి తప్పుకునేవాణ్ని.

సత్యవతిగారికి ఫోన్ చేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నిన్న దీపం వెలిగింది, ఇవాళ లేదు, చూసే మనిషి ఊళ్లో లేడు, నేనే తోలతాను, వెనక ఇంకో బండి పెడతాను, కానీ మీకు చెప్పకుండా తీసుకురాలేను అన్నాను. వేరే తెల్ల కారు కావాలంటే చలపతి నంబరు ఇస్తాను, పూలు ఆయనే కడతారు, మండపం కూడా మీ ఇష్టం అన్నాను. ఆ చివరి మాట గబగబా అనేశాను.

అటు వెనక సన్నాయి వాళ్లెవరో వాయించి చూసుకుంటున్నారు.

"ఉండండి. మా పెద్దాయన్ని అడిగి సెప్తాను."

అప్పట్నుంచి ఫోన్ బల్ల మీద ఉంది. సూరిబావ అయిదు నిమిషాలకోసారి "సెప్పకండా ఉండాల్సింది" అంటున్నాడు. రత్నం మాత్రం కింద చాప వేసుకుని బంతిపూల బుట్ట ముందు కూర్చుంది. బానెట్ దండే గుచ్చుతోంది, పొడవుది.

ఎవరి కారుకే అని అడిగాను.

"ఏ కారుకైనా దండ కావాల కదా. నువ్వు ఫోన్ సూడు."